ఎడమ పోస్టు దగ్గర నిలబడే మనిషి

సెమీఫైనల్ ఆఖరి నిమిషంలో బంతి ఎడమ పోస్టు కంటే ఎత్తున వెళ్ళింది. పోస్టుకి లోపలినుంచి వెళ్ళిందో బయటినుంచి వెళ్ళిందో చెప్పాల్సినవాడు అక్కడి అంపైర్ మాలకీ టాల్టీ. మాలకీ తల పైకెత్తి చూశాడు. కాస్త ఆగాడు. తర్వాత వంగి తెల్లజెండా తీసి ఊపాడు. తెల్లజెండా అంటే పాయింటు. ఆ పాయింటుతో కిల్‌టార్సా జట్టు ఫైనల్‌కి వెళ్ళింది. ద్రుమీన్ ఇంటికి వెళ్ళింది.

"ఏం చూశావయ్యా నువ్వు? బంతిని చూశావా, కాకిని చూశావా?" అని ద్రుమీన్ గోల్‌కీపర్ కర్ర నేలకేసి కొట్టాడు.

రిఫరీ ఫిన్‌బార్ క్లూన్ మైదానం మధ్యనుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"లోపలేనా?"

"లోపలే," అన్నాడు మాలకీ.

ఫిన్‌బార్ కుడి పోస్టు వైపు చూశాడు. అక్కడ నిలబడ్డ రెండో అంపైర్ జార్లత్ తన బూట్లు చూసుకుంటున్నాడు. బంతి ఎవరి పోస్టు మీదుగా వెళ్తే వాళ్ళదే మాట. ఫిన్‌బార్ పాయింటు రాసుకున్నాడు. ఆట అయిపోయింది.

ఐర్లండ్‌లో కర్రలతో బంతి కొట్టి ఆడే ఈ హర్లింగ్‌లో రిఫరీని కౌంటీ, అంటే జిల్లా సంఘం, నియమిస్తుంది. గోల్ దగ్గర నిలబడే నలుగురు అంపైర్లని మాత్రం రిఫరీయే తెచ్చుకుంటాడు. ఈ చివర ఇద్దరు, ఆ చివర ఇద్దరు. తమ్ముడో, బావమరిదో, పక్కింటివాడో, చిన్నప్పుడు కలిసి ఆడినవాడో. ఎవరికీ జీతం లేదు. ఆట తర్వాత ఒక భోజనం, పోను రాను ఒకే కారు. క్లేర్ కౌంటీలో ఏ రిఫరీ పేరు చెప్పినా అతని కారులో ఎవరెవరుంటారో జనం చెప్పగలరు. ఫిన్‌బార్ కారులో మాలకీ, మాలకీ చనిపోయిన భార్యకి తమ్ముడు జార్లత్, డోనల్ వాన్, డోనల్ తమ్ముడు షామీ. ముందు సీటు మాలకీది. నలుగురి తెల్లకోట్లు ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చేది కూడా అతనే. భార్య ఉన్నప్పుడు ఆవిడ చేసేది.

ఫిన్‌బార్, మాలకీ ఒకే ఏడు తమ పారిష్ జట్టులోకి, అంటే తమ చర్చి కిందున్న ఊళ్ళ జట్టులోకి, వచ్చారు. ఫిన్‌బార్ మోకాలు పోయి విజిల్ పట్టుకున్నప్పుడు మొదట అడిగింది మాలకీనే. అప్పటినుంచీ పిల్లల ఆటలు, జూనియర్ ఆటలు, వాన పడి గోల్ ముందు బురదలో చీలమండ దాకా దిగబడే ఆటలు, అన్నిటికీ ఆ కారు వెళ్ళింది. సీనియర్ ఫైనల్ మాత్రం ఎప్పుడూ ఇంకో రిఫరీకి వెళ్ళేది. "మనకి ఇచ్చే రోజుకి నేను చక్రాల కుర్చీలో వస్తాను. పోస్టుకి కట్టేయండి," అనేవాడు మాలకీ.

ఆట తర్వాత భోజనం దగ్గర వాళ్ళకో అలవాటు ఉంది. ఉప్పు డబ్బా ఒక పోస్టు, మిరియాల డబ్బా ఇంకో పోస్టు. ఆ రోజు ఇచ్చిన ప్రతి నిర్ణయాన్నీ బల్ల మీద మళ్ళీ ఆడతారు. తిట్టుకుంటారు. సెమీఫైనల్ రోజు ఎనిస్ హోటల్లో ఉప్పు డబ్బాని ఎవరూ కదపలేదు. మాలకీ మెనూ కార్డు తెరవలేదు.

"నువ్వేం తింటున్నావ్?" అని జార్లత్‌ని అడిగాడు.

"బేకన్, క్యాబేజీ."

"నాకూ అదే."

బయట కారు దగ్గర ఫిన్‌బార్ జార్లత్‌ని పక్కకి పిలిచాడు.

"చెప్పరా."

"బయటికి పోయింది. బారెడు దూరం."

"అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"అది బావ పోస్టు. బావ జెండా ఎత్తాక నేను అడ్డం పడనా? నాలుగు వేలమంది ముందు?"

"నేను నీ మొహం చూశాను కదరా."

"నువ్వు చూశావు. అడగలేదు," అన్నాడు జార్లత్.

మాలకీ ముందు సీట్లో కూర్చుని వాళ్ళకోసం ఎదురు చూస్తున్నాడు. దారిలో వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

మంగళవారం కౌంటీ ఆఫీసునుంచి ఫోన్ వచ్చింది. ఫైనల్ ఫిన్‌బార్‌కే ఇచ్చారు. కిల్‌టార్సా మీద కూల్‌రే. ఫోన్ చేసినాయన అభినందించాడు. పెట్టేసేముందు, "నీ నలుగురినీ కాస్త చూసుకుని తీసుకురా ఫిన్‌బార్. మళ్ళీ అలాంటిది వద్దు," అన్నాడు.

ఫిన్‌బార్ భార్య బ్రీజ్ గిన్నెలు తుడుస్తోంది.

"మాలకీకి చెప్పావా?"

"ఫైనల్ వచ్చిందనా?"

"రెండూ."

"చెప్తాలే."

మాలకీ బదులు అంపైర్‌గా ఎవరిని పెట్టుకోవాలో వెంటనే తేలింది. ఊనా లెర్నిహన్ బడిలో టీచరు. కౌంటీ తరఫున ఆడవాళ్ళ జట్టులో గోల్ కాసింది. ఎత్తు బంతుల్ని ఆమెలా చూసేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఫిన్‌బార్ అడగగానే ఒప్పుకుంది. "మాలకీ గారు ఏమంటారు?" అని అడిగింది. "ఆయనతో నేను మాట్లాడతాను," అన్నాడు.

బుధవారం సాయంత్రం మాలకీ ఇంటికి వెళ్ళాడు. మాలకీ ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్నాడు. నాలుగు కోట్లూ ఉతికి పొయ్యి పైన కడ్డీకి వేలాడదీశాడు.

"ఒరేయ్, వచ్చావా! ఫైనల్ మనకే ఇచ్చారని ఊళ్ళో విన్నాను. కౌంటీవాళ్ళు కొత్త కోట్లు ఇస్తామంటారు చూడు, వద్దని చెప్పు. వాళ్ళ కోట్ల మీద సిమెంటు కంపెనీ పేరుంటుంది. మనం సిమెంటు అమ్మడానికి వెళ్తున్నామా?"

"వద్దనే చెప్తాను."

"టీ పెడతాను. కూర్చో."

బ్రౌన్ బ్రెడ్డు కోశాడు. వెన్న రాశాడు. ఫైనల్ గురించి మాట్లాడాడు. కిల్‌టార్సా ఫుల్‌బ్యాక్ కర్రతో కంటే మోచేత్తో ఎక్కువ ఆడతాడని, మొదటి పది నిమిషాల్లోనే వాడి పేరు హెచ్చరిక కింద రాసేస్తే తర్వాత బుద్ధిగా ఉంటాడని చెప్పాడు. ఫిన్‌బార్ విన్నాడు. రెండు కప్పుల టీ తాగాడు. సెమీఫైనల్ మాట ఇద్దరూ ఎత్తలేదు. గుమ్మం దగ్గర ఫిన్‌బార్ ఆగాడు.

"ఏంట్రా?" అన్నాడు మాలకీ.

"ఏం లేదు. ఆదివారం వాన ఉండదంటున్నారు."

"మంచిదేగా."

ఇంటికి వెళ్ళేదారిలో జార్లత్ కొట్టం దగ్గర కారాపాడు. జార్లత్ ఆవులకి మేత వేస్తున్నాడు.

"నేను చెప్పలేకపోయాను. నువ్వు వాడి బావమరిదివి. నువ్వు చెప్తే వింటాడు."

"రిఫరీవి నువ్వు."

"తెలుసు. కానీ ఇంట్లోవాడు చెప్తే వేరుగా ఉంటుంది."

జార్లత్ గడ్డికట్ట తాడు తెంపాడు. "అక్క బతికుంటే నన్ను చంపేది," అన్నాడు. చెప్తానని అనలేదు. చెప్పనని కూడా అనలేదు. ఫిన్‌బార్ దాన్ని ఒప్పుకోవడం కింద జమకట్టుకున్నాడు.

శనివారం ఫోన్ చేశాడు.

"మాలకీ ఎలా ఉన్నాడు?"

"బానే ఉన్నాడు. పొద్దున చూశాను," అన్నాడు జార్లత్.

ఫిన్‌బార్‌కి గుండె తేలికైంది. చెప్పేశాడు, మాలకీ బాగానే తీసుకున్నాడు అనుకున్నాడు. జార్లత్‌కీ గుండె తేలికైంది. ఫిన్‌బార్ మళ్ళీ వెళ్ళి చెప్పి ఉంటాడు, అందుకే ఎలా ఉన్నాడని అడుగుతున్నాడు అనుకున్నాడు. ఇద్దరూ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. మా పారిష్‌లో చావు కబురైనా పాల ధర దగ్గర మొదలుపెట్టి చెప్తారు. ఒక్కోసారి పాల ధర దగ్గరే ఆగిపోతారు.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఫిన్‌బార్ బయల్దేరాడు. షామీ నడుం పట్టేసి ఆ వారం రానన్నాడు. అతని బదులు డోనల్ కొడుకు కోర్మక్ వచ్చాడు, పెళ్ళైన మనిషి, వేరే ఊళ్ళో అంపైర్‌గా నిలబడ్డవాడే. డోనల్, కోర్మక్, జార్లత్ వెనక ఎక్కారు. ఊనా ఇంటి దగ్గర ఆమె ముందు సీట్లో కూర్చుంది.

ఫిన్‌బార్ అద్దంలో వెనక్కి చూశాడు.

"కోట్లు డిక్కీలో పెట్టావా?"

"ఏ కోట్లు?" అన్నాడు జార్లత్.

"మన కోట్లురా. మాలకీ దగ్గర తీసుకోలేదా?"

"నేనెందుకు తీసుకుంటాను? నువ్వు వెళ్ళినప్పుడు తెచ్చుకోలేదా?"

"నేను బుధవారం తర్వాత వెళ్ళనే లేదు. నువ్వు చెప్పలేదా వాడికి?"

జార్లత్ డోనల్ వైపు చూశాడు.

"జార్లత్."

"నువ్వు చెప్పావనుకున్నాను."

ఫిన్‌బార్ కారు పక్కకి తీసి ఆపాడు. వెనకాల వస్తున్న కార్లలో కిల్‌టార్సా జెండాలు కట్టుకున్నవాళ్ళు హారన్ కొట్టుకుంటూ వెళ్ళారు. ఒకడు కిటికీలోంచి తల బయటపెట్టి, "రిఫరీ గారూ, కళ్ళజోడు తెచ్చుకున్నారా!" అని అరిచాడు.

"నేను దిగిపోతాను," అంది ఊనా. "నిజంగా. నా కారు ఇంట్లోనే ఉంది. జనంలో కూర్చుని చూస్తాను. నాకేం బాధ లేదు."

"దిగనివ్వరా," అన్నాడు డోనల్. "ఇంకో రోజు చూసుకుందాం."

"ఇంకో రోజు ఏముంది? ఇవాళే ఫైనల్," అన్నాడు కోర్మక్.

"నువ్వు నోర్ముయ్."

ఫిన్‌బార్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. కూల్‌రే ఫైనల్‌కి వచ్చి ఒక తరం అయింది. కిల్‌టార్సాలో సగం ఇళ్ళకి రంగులు వేశారు. బంతి ఎడమ పోస్టు మీదుగా మళ్ళీ వెళ్తే మాలకీ తల పైకెత్తి చూస్తాడు, కాస్త ఆగుతాడు, ఏదో ఒకటి చేస్తాడు. ఆ ఏదో ఒకటి తను రాసుకోవాలి.

"కూర్చో అమ్మాయ్," అన్నాడు ఊనాతో. కారు కదిలించాడు.

మాలకీ గేటు రోడ్డు మీదే ఉంటుంది. గేటు ముందు నిలబడి ఉన్నాడు. నల్ల సూటు, తెల్ల చొక్కా, కౌంటీ రంగుల టై. చేతిలో ప్లాస్టిక్ కవరు తొడిగిన కోట్లు, చంకలో చుట్టిన జెండాలు. కారు చూసి చెయ్యెత్తాడు. ముందు సీటు తలుపు దగ్గరికి వచ్చాడు. అద్దానికి బాగా దగ్గరగా వంగితే గానీ లోపల ఎవరున్నదీ తెలియలేదు. ఊనాని చూశాడు. వెనక ముగ్గుర్నీ చూశాడు.

ఫిన్‌బార్ అద్దం దించాడు. కారు దిగలేదు. ఇంజిన్ ఆపలేదు. తర్వాత చాలాకాలం అతను బ్రీజ్‌తో చెప్పుకున్నది ఇదే. మాటలు దొరక్కపోతే పోయె, దిగి నిలబడాల్సింది.

"కారు నిండిపోయిందే," అన్నాడు మాలకీ.

"మాలకీ, నేను చెప్దామనే వచ్చాను ఆ రోజు."

"టీ తాగి వెళ్ళావు."

"అవును."

మాలకీ కోట్లు ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"ఆ బంతి బయటికి పోయిందా?"

"బయటికే."

"ఎంత?"

"బారెడు," అన్నాడు జార్లత్ వెనకనుంచి.

"నువ్వు చూశావన్నమాట."

"చూశాను బావా."

"నోట్లో ఏం పెట్టుకున్నావురా మరి? చెయ్యి అడ్డంగా ఊపితే జెండా దించేవాణ్ణి కదా. ద్రుమీన్ పిల్లలు ఏడ్చుకుంటూ పోయారు."

వెనక ఇంకో కారు వచ్చి, ఆగి, తప్పుకుని వెళ్ళింది.

ఊనా తలుపు తీయబోయింది. మాలకీ తలుపు మీద చెయ్యి పెట్టాడు.

"కూర్చో అమ్మా. నీ తప్పేముంది ఇందులో." కవరు పైకెత్తి ఒక కోటు విడిగా తీశాడు. "ఇది నాది. నీకు పొడుగవుతుంది. చేతులు మడుచుకో. ఎడమ పోస్టేగా నీకు?"

"అవునండీ."

"ఎనిస్‌లో ఊరి వైపు గోల్ అయితే రెండో సగంలో ఎండ కళ్ళలోకొస్తుంది. టోపీ ఉందా? పోస్టుకి ఆనుకుని నిలబడకు. ఒక్క అడుగు వెనక్కి. బంతి కర్రకి తగిలినప్పుడే బయల్దేరు, పైకొచ్చాక కాదు."

"అలాగేనండీ."

మిగతా కోట్లూ జెండాలూ కిటికీలోంచి ఆమె ఒళ్ళో పెట్టాడు. "వెళ్ళండి. ఫైనల్‌కి రిఫరీ ఆలస్యంగా వస్తే పేపర్లో వేస్తారు," అన్నాడు. గేటు మూసుకుని లోపలికి వెళ్ళాడు.

ఆట బాగా జరిగింది. ఫుల్‌బ్యాక్ పేరు ఫిన్‌బార్ మొదట్లోనే రాశాడు. వాడు తర్వాత బుద్ధిగా ఉన్నాడు. రెండో సగంలో ఆట సమంగా ఉన్నప్పుడు కూల్‌రే వాడు కొట్టిన బంతి ఎడమ పోస్టు కంటే చాలా ఎత్తున వెళ్ళింది. ఊనా అప్పటికే దాని కింద ఉంది. చేతులు ఊపి వైడ్, అంటే బయటికి, అంది. కూల్‌రే జనం లేచి నిలబడి అరిచారు. ఫిన్‌బార్ ఆమె దగ్గరికి వెళ్ళలేదు. అక్కర్లేకపోయింది. సాయంత్రానికి ఎవరో తీసిన వీడియో ఫోన్లలో తిరిగింది. మూరెడు బయటికే వెళ్ళింది. కిల్‌టార్సా రెండు పాయింట్లతో గెలిచింది. ఓడిన కూల్‌రే కోచ్ వచ్చి ఫిన్‌బార్ చెయ్యి పట్టుకుని, "నీ మీద ఒక్క మాట లేదు," అన్నాడు. ఏ రిఫరీకైనా అంతకంటే పెద్ద మాట లేదు.

హోటల్లో ఐదుగురూ కూర్చున్నారు. పక్క బల్లలవాళ్ళు వచ్చి భుజం తట్టి వెళ్ళారు. జార్లత్ బంగాళదుంపలు ఫోర్కుతో అటూ ఇటూ జరిపి వదిలేశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఫిన్‌బార్ కోరఫిన్ మీదుగా చుట్టు తిప్పి తీసుకొచ్చాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ దారిలో మాలకీ గేటు రాదు.

మర్నాడు వెళ్ళాడు. మాలకీ టీ పెట్టాడు. ఆట రేడియోలో విన్నానన్నాడు.

"ఆ వైడ్ ఊనాయేనా ఇచ్చింది?"

"ఊనాయే."

"మంచి పిల్ల. నేనైతే తెల్లజెండా ఎత్తేవాణ్ణేమో."

"మాలకీ, నేను..."

"కంట్లో పొర," అన్నాడు మాలకీ. "రెండు కళ్ళకీ. వేసవిలోనే చెప్పాడు డాక్టరు. జనవరిలో ఆపరేషన్. పూటలో ఇంటికి పంపేస్తారట. ఫైనల్ మనకి వస్తుందేమోనని ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఒక్కమాట అడిగుంటే చెప్పేవాణ్ణే."

"నువ్వు చెప్పుంటే నేను అడగాల్సిన పనే ఉండేది కాదు కదరా."

"అదీ నిజమే."

ఇద్దరూ కాస్త నవ్వారు. ఆ నవ్వు చూసి ఫిన్‌బార్ అంతా సర్దుకుందనుకున్నాడు. బ్రీజ్‌తో కూడా అలాగే చెప్పాడు.

జనవరిలో ఆపరేషన్ అయింది. మాలకీని ఆస్పత్రికి తీసుకెళ్ళింది జార్లత్. ఫిన్‌బార్ ఫోన్ చేస్తే మాలకీ బాగుంది అన్నాడు. తర్వాతి నెల చేస్తే బాగుంది అన్నాడు. కోట్లు ఉతకడం ఇప్పుడు బ్రీజ్ మీద పడింది.

ఏప్రిల్‌లో సిక్స్‌మైల్‌బ్రిడ్జ్ వైపు ఒక లీగ్ ఆటకి ఫిన్‌బార్ ఊరికే చూడ్డానికి వెళ్ళాడు. రిఫరీ పక్క పారిష్ కుర్రాడు కొనారీ. ఫిన్‌బార్ అలవాటుగా గోల్ వెనక కంచె దగ్గర నిలబడ్డాడు. ఎడమ పోస్టు దగ్గర కొత్త కోటు వేసుకుని మాలకీ ఉన్నాడు. వీపు మీద సిమెంటు కంపెనీ పేరుంది. పోస్టుకి ఒక అడుగు వెనక నిలబడ్డాడు. కర్ర బంతికి తగలగానే కదులుతున్నాడు. ఒక ఎత్తు బంతికి ఆగకుండా చేతులు ఊపాడు. ఫిన్‌బార్ కూడా అదే చూశాడు. వైడే.

ఆట అయ్యాక మాలకీ కంచె దగ్గరికి వచ్చాడు.

"ఏరా, గూఢచారిలా వచ్చావు?"

"నిన్ను చూద్దామనే. బాగా కనిపిస్తోందన్నమాట."

"నీ మొహం మీద ముడతలు కూడా కనిపిస్తున్నాయి. ఇంతకు ముందే బాగుండేవాడివి."

ఫిన్‌బార్ నవ్వాడు. కంచె కడ్డీ పట్టుకున్నాడు.

"వచ్చే ఆదివారం నాకు తుల్లాలో ఆట ఉంది. షామీ నడుం ఇంకా కుదుటపడలేదు. ఒక మనిషి తక్కువ."

మాలకీ చేతిలోని జెండాని దాని కర్రకి చుడుతున్నాడు. చుట్టడం అయ్యేదాకా తల ఎత్తలేదు.

"వచ్చే ఆదివారమా? కొనారీకి మాటిచ్చాను."

"ఓ. అవునా."

"అవును."

కొనారీ కారులోంచి పిలిచాడు. భోజనానికి ఆలస్యమవుతోందట. మాలకీ చెయ్యెత్తి వస్తున్నానన్నాడు. "బ్రీజ్‌ని అడిగానని చెప్పు," అని వెళ్ళిపోయాడు.

వచ్చే ఆదివారం కొనారీకి ఆట లేదు. ఏ ఆట ఎవరికిచ్చిందీ కౌంటీ రిఫరీలందరికీ ముందే పంపుతుంది. అది ఫిన్‌బార్‌కి తెలుసని మాలకీకి తెలుసు. ఫిన్‌బార్ కారు దాకా వెళ్ళి, తలుపు తీసి, కాసేపు నిలబడ్డాడు. కొనారీ కారు ఇంకా గేటు దాటలేదు. వెళ్ళి ఒక్కమాట అడగొచ్చు.

కారెక్కి ఇంటికి వెళ్ళాడు.